వెనక గేటు

ఆ గుర్రపుశాలకు రెండు గేట్లు. ముందుది ఇనుప గేటు. ఏటా రంగు వేస్తారు, పైన ముందరి కాళ్ళెత్తిన గుర్రం బొమ్మ. వెనకది రేకు తలుపు. పేడ బండి దాంట్లోంచే పోతుంది, చచ్చిన గొడ్డూ దాంట్లోంచే పోతుంది. అక్కడ పుట్టిన ప్రతి గుర్రప్పిల్లా ఏ గేటులోంచి లోకంలోకి పోవాలో చెప్పేది ఒక ఆడమనిషి నోరు. అయ్యగారు కాదు, పశువుల డాక్టరు కాదు. మంత్రసాని.

ఆమె మనుషులకు కాన్పులు చెయ్యలేదు. ఈనబోయే గుర్రాల దగ్గర కూర్చునేది, అడ్డం తిరిగిన పిల్లను చెయ్యి పెట్టి సరిచేసేది, కాళ్ళు పట్టి లాగేది. ఆమె తల్లీ అదే పని చేసింది. తల్లి పోయాక ఆ పేరూ, కూర్చునే ముక్కాలిపీటా, చెప్పే మాటా కూతురికి వచ్చాయి. ఆస్తి అంటే అదే.

పద్ధతి ఏమిటంటే, పిల్ల లేచి నిలబడి పొదుగు వెతుక్కోవడం నేర్చి, కాళ్ళ వణుకు తగ్గాక, శాల మధ్య ఉన్న పొడుగాటి నడవకు రెండు వైపులా తలుపులు మూసేస్తారు. లోపల తల్లీ, పిల్లా, మంత్రసానీ. నాలుగో ప్రాణి ఉండకూడదు. కొత్త వాసనకు తల్లి బెదురుతుంది, తల్లి బెదిరితే పిల్ల నడక చెడుతుంది. ఆమె తల్లిగుర్రాన్ని పట్టుకుని ముందు నడుస్తుంది, పిల్ల వెంటపడుతుంది. మెడ ఎక్కడినుంచి లేచింది, మోకాలు ఎందాకా వచ్చింది, తోక ఎటు చూస్తోంది, అన్నీ ఆ నడకలోనే తేలిపోతాయి. తర్వాత చేతులు గోనెగుడ్డకు తుడుచుకుంటూ బయటికొచ్చి "ముందు గేటు" అంటుంది, లేదా "వెనక గేటు" అంటుంది. పై కోర్టు లేదు.

ఇంతకీ అవి ఏ జాతి గుర్రాలంటే, దేవుడు చేసిన జాతి కాదు, పెద్దాయన చేసిన జాతి. పెద్దాయన అంటే ఇప్పటి అయ్యగారి తండ్రి. ఆయన రోజుల్లో ప్రదర్శనలకు రెండు రకాల గుర్రాలు వచ్చేవి. ఒకటి ఎడారి గుర్రం. చిన్న తల, లోపలికి నొక్కినట్టున్న ముక్కు, పెద్ద కళ్ళు, జెండాలా ఎత్తిన తోక. నిలబడితే బొమ్మ. నడిస్తే మాత్రం నేలను రాసుకుంటూ పోతుంది, జనం ఆవలిస్తారు. రెండోది సవారీ గుర్రం. మెడ భుజాల మీంచి నిటారుగా లేస్తుంది, మోకాలు ఛాతీ దాకా వస్తుంది, జనం కుర్చీల్లోంచి లేస్తారు. కానీ తల చూస్తే ట్రంకు పెట్టె. దాని తలకు దీని కాళ్ళు తగిలిస్తే ఎలా ఉంటుందని పెద్దాయనకు బుద్ధి పుట్టింది. ఉన్నవాడికి బుద్ధి పుడితే ఊళ్ళో సగం మందికి పని పుడుతుంది. రెండు రక్తాలు కలిపించాడు, జోడురక్తం అని పేరు పెట్టాడు, సంఘం పెట్టాడు, ఏ రక్తం ఎంత పాలు ఉంటే ఆ పేరు చెల్లుతుందో నియమాలు రాయించాడు. కొడుకు పెళ్ళి మాట వచ్చినప్పుడు మాత్రం కలపడం అనే ముక్క ఆ ఇంట్లో వినబడలేదు. గుర్రాలకైతే సంకరం ఘనత, మనుషులకైతే పరువు తక్కువ.

ఆ కొడుకే ఇప్పుడు అయ్యగారు. ఏటా ప్రదర్శన రోజున మైకు పట్టుకుని ఒకే పాట. "మా నాన్నగారు రెండు జాతుల్లోని మంచిని మాత్రమే ఏరి ఈ జాతికిచ్చారు."

గుంపు వెనక నిలబడి మంత్రసాని తమ్ముడి చెవిలో అనేది, "మంచి మాత్రమే ఏరుకోవడానికి ఇదేమన్నా కూరగాయల గంపా?"

తమ్ముడు ఆ శాలలోనే లాడాలు వేసేవాడు. "ఊరుకో అక్కా, మైకు వింటుంది" అనేవాడు.

గంపలోంచి ఏరుకున్నది ఎక్కడ? మొదటి తరం పిల్లల్లో ట్రంకు పెట్టె తలా నేల రాసే కాలూ కూడబలుక్కున్నట్టు ఒకే ఒంటికి వచ్చాయి. మెడ వస్తే తోక రాదు, తోక వస్తే మెడ రాదు. మంత్రసాని తల్లి "వెనక గేటు" అని అని గొంతు అరగదీసుకుంది. ఆ పిల్లలు కొన్ని బండ్లకు పోయాయి, కొన్ని లారీకి పోయాయి. లారీ ఎక్కడ ఆగుతుందో శాలలో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. ప్రదర్శన మైదానంలో ఒక గుర్రం మెడ ఎత్తి నిలబడిందంటే దాని కింద రేకు తలుపు దాటిన తోబుట్టువుల వరస ఉంటుంది. ఆ వరసను మైకులో చదవరు.

అంత చేసినా తల వచ్చింది, మెడ వచ్చింది, తోక వచ్చింది, మోకాలు మాత్రం రాలేదు. ఎడారి నడకే గెలిచింది. అప్పుడు కొలిమి రంగంలోకి దిగింది. గిట్టను పొడుగ్గా పెంచి, కింద తోలు అట్టలు పేర్చి, ఆ అట్టల కింద బరువు లాడం బిగించేవాళ్ళు. సాధన చేయించేటప్పుడు గిట్ట పైన గొలుసు కట్టేవాళ్ళు. కాలికి ఇటుక కట్టుకుని నడిచినవాడు ఇటుక విప్పాక కూడా కాలు విసిరి విసిరి వేస్తాడు చూడండి, అదే విద్య. గుర్రం కాలు ఎగరేసి నేలకేసి కొట్టేది. టప్ మని చప్పుడు. జనం చప్పట్లు. నాలుగైదేళ్ళకు ఆ కాళ్ళు తినేసినట్టయ్యేవి. అప్పటికి వెనక గేటు ఉండనే ఉంది.

"జాతి లక్షణం అంటారు గానీ అది నా కొలిమిలో పుడుతోందక్కా" అనేవాడు తమ్ముడు. సుత్తి మాత్రం ఆపేవాడు కాదు. ఎందుకాపుతాడు, ఇంట్లో పొయ్యి వెలగాలి.

మంత్రసానికి ఒక్కటే కోరిక ఉండేది. ఆస్తులూ అంతస్తులూ కాదు. కొలిమి తొక్కకుండా తన కాళ్ళతో తాను ఎత్తి నడిచే పిల్ల ఒక్కటి తన చేతుల్లో పుట్టాలి. తల్లి జన్మంతా చూసినా రాలేదు. తన జన్మలో అయినా వస్తుందా అని ఆ ముక్కాలిపీట మీద కూర్చుని ఎదురు చూసేది.

వచ్చింది. వస్తూ వస్తూ తల్లిని మింగి వచ్చింది. ఆడపిల్ల. కాన్పులో తల్లి పోయింది, పిల్లను మంత్రసాని బకెట్టు పాలతో, చేతి వేళ్ళు నోట్లో పెట్టి బతికించింది. నడక చూసే రోజున ముందు నడవడానికి తల్లి లేదు. అందుకని మంత్రసాని తనే ముందు నడిచింది. కొంత దూరం పోయి వెనక్కి తిరిగి చూస్తే, పిల్ల ఆమె వెంట వస్తోంది. ఒక్కో కాలూ మడిచి, మోకాలు ఛాతీకి తెచ్చి, అక్కడ ఒక లిప్త ఆపి, నేల మీద పెట్టీ పెట్టనట్టు పెడుతూ. చప్పుడు లేదు. నడవలో పరిచిన గడ్డి కూడా కదలలేదు.

ఆమె చేతులు తుడుచుకోవడం కూడా మరిచి బయటికొచ్చింది. తమ్ముడే అడిగాడు. "ఏమైందక్కా, చచ్చిందా?"

"నీ కొలిమి చచ్చిందిరా" అంది. తర్వాత అయ్యగారి వైపు తిరిగి, "ముందు గేటు" అంది.

ఆ పిల్లకు ఈక అని పేరు పెట్టింది ఆమే.

ఈక ఎదిగింది. ఎడారి తల, సవారీ మెడ, ఎత్తిన తోక, ఎత్తిన మోకాలు. మొదటి ప్రదర్శనకు తీసుకుపోయే ముందు లాడాల పాకలో మాట వచ్చింది. అయ్యగారు, రౌతు, తమ్ముడు, ఆమె. రౌతు అంటే ప్రదర్శనలో గుర్రమెక్కేవాడు, పొట్టిమనిషి, నోరు మాత్రం పొడుగు.

"అయ్యగారూ, దీనికి బరువు వద్దు. మామూలు లాడంతో దించండి" అంది ఆమె.

"మంత్రసాని అక్క రౌతు పనిలోకీ దిగింది" అన్నాడు రౌతు. "ఇక నేను కాన్పులు చూసుకోవాలి."

"చూసుకో నాయనా. నీ మొహం చూసి పిల్ల మళ్ళీ లోపలికే పోతుంది."

అయ్యగారు కూడా నవ్వారు. నవ్వి, "బరువు వెయ్యాలని నియమం లేదమ్మా, నిజమే. కానీ అందరూ వేస్తారు కదా" అన్నారు.

"అందరివీ ఎత్తవు కాబట్టి వేస్తారు. ఇది ఎత్తుతోంది కదండీ. మీ నాన్నగారు కల గన్న గుర్రం ఇదే. ఆయన పోయాక పుట్టింది, అంతే తేడా. జనానికి చూపించండి ఒక్కసారి."

తండ్రి మాట ఎత్తితే అయ్యగారు కరుగుతారని ఆమెకు తెలుసు. కరిగారు. "సరే, నీ మాటే కానీ. ఓడితే?"

"ఓడదండీ."

"ఓడితే అంటున్నాను."

"ఓడితే మీ ఇష్టం."

తమ్ముడు పక్కనుంచి ఆమె కాలు తొక్కాడు. ఆలస్యమైంది. మాట బయటికి పోయింది.

ఆమె చేసిన తప్పు ఒక్కటే. కళ్ళు అన్నాక కళ్ళే అనుకుంది. కళ్ళకు కూడా శిక్షణ ఇస్తారని, గుర్రం కాళ్ళకు కట్టిన బరువు చూసేవాడి కంటికీ కట్టి ఉంటుందని ఆమెకు తట్టలేదు. పుట్టుకనుంచీ నీళ్ళపాలు తాగినవాడికి చిక్కటి పాలు పోస్తే వాంతి చేసుకుంటాడు.

మైదానంలో ఒక్కో గుర్రమే దిగింది. టప్, టప్, టప్. నేల అదిరింది. జనం ఆ దరువుకు కాళ్ళు ఆడించారు. ఒక గుర్రం కళ్ళలో తెల్లగుడ్డు కనబడుతోంది, నోట్లో నురగ, మోకాలు గడ్డానికి తగులుతోంది. "అబ్బ, ఏం పొగరు" అన్నారు ఎవరో. పొగరు కాదది, నొప్పి. తర్వాత ఈక దిగింది. గాలిలో నడిచినట్టు నడిచింది. మంత్రసాని పక్కన ఒకావిడ మొగుడితో అంటోంది, "ఇదేంటండీ, దొంగలా నడుస్తోంది?" ఆ మొగుడు, "ఒంట్లో బాగోలేదేమో" అన్నాడు. రౌతు పైన కూర్చుని ముళ్ళ మీద కూర్చున్నట్టున్నాడు. మడమతో పొడిచాడు. ఈక ఇంకా ఎత్తింది. చప్పుడు మాత్రం రాలేదు.

ఆఖరి వరసలో నిలబెట్టారు.

తీర్పు చెప్పినవాడు పాతకాలపు రౌతే. అయ్యగారు పోయి అడిగితే ఆయన ఈక మెడ నిమిరి మరీ చెప్పాడు. "అందమైన జంతువండీ. కాదనను. కానీ శ్రమ కనబడలేదు. కష్టపడుతున్నట్టు కనబడాలి కదా. ఇది ఏదో తన పాటికి తాను పోతున్నట్టుంది."

తన పాటికి తాను పోవడం. అదీ నేరం.

తిరిగొచ్చాక అయ్యగారు కేకలెయ్యలేదు. కేకలేస్తే బాగుండేది, తిరగబడటానికి ఒక మనిషి ఎదురుగా ఉన్నట్టుండేది. మెత్తగా అన్నారు. "నీ మాట విన్నాను కదమ్మా. ఇప్పుడు బరువు వేయిస్తాను. వద్దంటావా, ఓడిన గుర్రాన్ని మేపే ఓపిక నాకు లేదు, వెనక గేటు ఉంది. ఏదో నువ్వే చెప్పు. నీ చేతుల్లో పెరిగింది."

ముందు నుయ్యి, వెనక గొయ్యి అని ఊరికే అనలేదు పెద్దలు.

తమ్ముడు కొలిమిలో లాడం ఎర్రగా కాల్చి పట్టుకారుతో పట్టుకున్నాడు. "ఏం చెయ్యమంటావక్కా?"

"వెయ్యి."

కాలు ఆమే పట్టుకుంది. ఇంకెవరు పట్టుకున్నా ఈక ఇవ్వదు. ఆమె తట్టగానే కాలు మడిచి ఒళ్ళో పెట్టినట్టు పెట్టింది. తమ్ముడు అట్టలు పేర్చి మేకులు దించుతుంటే ఈక ఆమె భుజం మీద ముక్కు ఆనించి, జుట్టు వాసన చూస్తూ నిలబడింది.

మరుసటి ప్రదర్శనలో ఈక గెలిచింది. గెలవక ఏంచేస్తుంది? పుట్టుకతో ఎత్తే కాలు, దానికి తోడు బరువు, దానికి తోడు గొలుసు నేర్పిన భయం. మోకాలు కంటికి తగులుతుందేమో అన్నంత ఎత్తింది, కొడితే మైదానం అవతల వినబడింది. జనం లేచి నిలబడ్డారు. తీర్పరి కళ్ళు తుడుచుకున్నాడు. అయ్యగారు మైకు పట్టుకుని, "జోడురక్తం అంటే ఏమిటని అడుగుతుంటారు. ఇదిగో, ఇది. దీని ఒంట్లో అబద్ధం లేదు" అన్నారు. సంఘం వాళ్ళు ఈక బొమ్మ గీయించి, ఇకమీదట జాతికి ఇదే కొలత అన్నారు. రౌతు మంత్రసాని దగ్గరికొచ్చి, "చూశావా అక్కా, రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుందని సామెత. గట్టివాడు దొరికితే ఇదీ నడక" అన్నాడు.

"మూడు కాళ్ళ మీద నడిచే రోజు కూడా చూద్దువుగానీలే" అంది ఆమె.

ఆ రోజు రానే వచ్చింది. గెలుపు మీద గెలుపు వచ్చాక ఒక ఉదయం ఈక ఎడమ కాలు నేల మీద ఆనించలేదు. గిట్ట మీద చెయ్యి పెడితే పెనం మీద పెట్టినట్టుంది. మంత్రసాని తడిమన్ను గుడ్డలో మూటగట్టి చుట్టింది, తీసింది, మళ్ళీ చుట్టింది. డాక్టరు వచ్చి గిట్ట లోపల ఎముక జారిందన్నాడు. బరువులు పీకేశారు. ఈక నడిచింది, కానీ నేల మీద నిప్పులున్నట్టు, కాలు ఈడ్చుకుంటూ, తల ఊపుకుంటూ. ఒకప్పుడు గడ్డి కదలకుండా నడిచిన పిల్ల గడ్డి దున్నుకుంటూ పోయింది. ఆ దున్నిన గాడిని మంత్రసాని రోజూ చీపురుతో సరిచేసేది.

"నడవకపోతే పోయింది, రక్తం ఉంది కదా" అన్నారు అయ్యగారు. పేరున్న మగగుర్రాన్ని తెప్పించి కట్టించారు. ఈక ఒంటిమీదికొచ్చిన బరువుతో, చెడిన కాళ్ళతో నెలలు మోసి ఈనింది. మగపిల్ల. అయ్యగారు శాల బయట కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. ఎప్పుడూ లేనిది మిఠాయి కూడా తెప్పించారు.

నడవ తలుపులు మూశారు. మంత్రసాని ఈకను పట్టుకుని నడిపించింది. తల్లి కుంటుకుంటూ, ఈడ్చుకుంటూ. వెనక్కి చూడటానికి ఆమెకు ధైర్యం చాలలేదు. చూడకుండా ఆ చివరిదాకా పోయింది. పిల్ల వెంట వస్తున్నట్టు తెలుస్తూనే ఉంది, తల్లి కాలు ఈడ్చిన చప్పుడు తప్ప వేరే చప్పుడు లేదు. ఆ చప్పుడు లేకపోవడంతోనే ఆమెకు అర్థమైపోయింది. తిరిగి చూసింది. కాలు మడిచి, మోకాలు ఛాతీకి తెచ్చి, అక్కడ ఒక లిప్త ఆపి.

జన్మంతా దేనికోసం మొక్కుకుందో అది ఎదురుగా నడిచి వస్తుంటే, ఆ మంత్రసాని ఏమనుకుందో తెలుసా? ఇది చచ్చి పుట్టినా బాగుండేది అనుకుంది.

పిల్ల తల్లి కింద దూరి పాలు తాగి, అలసిపోయి గడ్డిలో ఒరిగి నిద్రపోయేదాకా ఆమె బయటికి రాలేదు. తర్వాత చేతులు తుడుచుకుంటూ వచ్చింది. అయ్యగారు కుర్చీలోంచి లేచారు.

"వెనక గేటు."

"ఏమిటీ?"

"మెడ కిందినుంచి వచ్చిందండీ. మోకాలు లేదు. తోక ఊరేగింపు అయిపోయిన జెండాలా వేలాడుతోంది."

"ఈక కడుపునా?"

"కడుపు తల్లిదే. రక్తం ఏ తాతదో. దేవుడు చేసిన జాతైతే ఆయన్ని అడగొచ్చు గానీ, కలిపి చేసినదాన్ని ఏమని అడుగుతాం? ఎవరి వాటా ఎప్పుడు పైకొస్తుందో."

అయ్యగారు తలుపు సందులోంచి చూశారు. ముడుచుకు పడుకున్న గుర్రప్పిల్ల, కాళ్ళన్నీ ఒంటి కింద. పడుకున్న గుర్రానికి జాతి ఏముంటుంది? "నువ్వు చెప్పాక నేను చూసేదేముందిలే" అని ఆయన మిఠాయి పొట్లం పనివాళ్ళ చేతిలో పెట్టేశారు. ఇన్నేళ్ళలో ఆమె ఒక్క అబద్ధం చెప్పలేదు. ఆ నమ్మకమంతా ఆ ఒక్క మాట మీద ఖర్చు పెట్టింది.

నాలుగడుగులు వేసి అయ్యగారు ఆగారు. "అయితే దీన్నింకెందుకు మేపడం? నడవదు, పిల్లా పనికిరానిది. ఆ పిల్ల పాలు మరిచాక తల్లిని లారీకి చెప్పండి."

పిల్ల మీద చెప్పిన తీర్పు తల్లి మీద కూడా పడుతుందని మంత్రసానికి తెలియకనా? ఎన్ని తల్లిగుర్రాలను అలా పంపలేదు ఆ నోరు? పనికిరాని పిల్లను పెట్టిన ప్రతి తల్లీ ఆ రేకు తలుపు దాటినదే. అది నిన్నటిదాకా పద్ధతి. పద్ధతి తన ఇంటికొచ్చేసరికి గుర్తురాలేదు.

తమ్ముడు ఆమెను కొలిమి దగ్గర పట్టుకున్నాడు. "నేను కిటికీలోంచి చూశానక్కా. పిల్ల ఎత్తుతోంది."

"అయితే?"

"పోయి చెప్పు. పొరబడ్డానని చెప్పు. ఈక బతుకుతుంది."

"చెబితే పిల్ల నీ కొలిమికొస్తుంది. లాడం చేతికిస్తే వెయ్యనంటావా?"

తమ్ముడు తిత్తి వైపు చూశాడు.

"అనవు. అనలేవు. నీకూ పిల్లలున్నారు. నేను మాత్రం అన్నానా? కాలు నేనే పట్టుకున్నాను కదరా."

పిల్ల పాలు మరిచేదాకా ఆమె నోరు విప్పుదామని కొన్ని ఉదయాలు శాల గడప దాకా వచ్చింది. వచ్చిన ప్రతిసారీ లోపల ఈక పక్కన ఆ పిల్ల కాలు మడిచి ఎత్తుతూ కనబడేది. వెనక్కి పోయేది. పగలంతా ఆ పిల్లను అటు కట్టీ ఇటు కట్టీ, ఎవరైనా వస్తే దాని ముందు మేత వేసీ, నడక ఎవరి కంటా పడకుండా కాపలా కాసింది. వెనక గేటు పిల్ల నడకను ఎవడు చూస్తాడు? అదొక్కటే కలిసొచ్చింది.

లారీ వచ్చింది. ఈక ఎక్కలేదు. ఇద్దరు లాగారు, ఒకడు వెనకనుంచి కొట్టాడు. కదల్లేదు. చివరికి, "అక్కా, నువ్వైతేనే" అన్నాడు రౌతు. ఆ రోజు వాడి నోరు కూడా పొట్టిదైపోయింది.

లారీకి ఆనించిన చెక్కబల్ల మీద ఆమె ముందు నడిచింది. ఈక వెంట వచ్చింది. పుట్టిన కొత్తలో వచ్చినట్టే, ఆమె వీపు మీంచి చూపు తిప్పకుండా. కాలు మాత్రం ఈడుస్తూ. లోపల తాడు కట్టి ఆమె దిగింది. రేకు తలుపు మూశారు. అయ్యగారి గదిలో ఈక బొమ్మ మాత్రం గోడకు అలాగే ఉంది, ముందరి మోకాలు మేఘాల్లో పెట్టుకుని.

పిల్లను గుడ్ల బండివాడు తీసుకుపోయాడు. ఆమే పిలిచి అప్పగించింది. మంచివాడు, తాగడు, కొట్టడు. గుడ్లమ్మేవాడికి కొట్టే అలవాటుంటే వ్యాపారం సాగదు. పిల్ల ఎదిగి బండికి అలవాటయ్యాక, శాల ముందు వీధిలో అప్పుడప్పుడూ కనబడేది. గుడ్ల అరల మధ్య, కూరల మూటల మధ్య, మెడ ఎత్తి, తోక ఎత్తి, మోకాళ్ళు ఛాతీకి తెస్తూ. చప్పుడు చెయ్యకుండా. వీధిలో జనం నవ్వేవాళ్ళు. "ఏంరా, నీ బండికి జమీందారును కట్టావు?" అనేవాళ్ళు. వాడు దానికి దొరబాబు అని పేరు పెట్టాడు. మంత్రసాని ఆ బండి పోయే పొద్దుకు ఇనుప గేటు పక్కన ఏదో పనున్నట్టు నిలబడేది. ఈకను ఇచ్చి కొనుక్కున్నది అదే, ఆ కాస్త నడక. కళ్ళారా చూసుకునేది.

ఒకరోజు బండి గేటు ముందు ఆగింది. గుడ్లవాడు దిగి లాడాల పాక దగ్గరికి వచ్చాడు. తమ్ముడు సుత్తి దించాడు. మంత్రసాని కూడా వచ్చి నిలబడింది.

"పెద్దమ్మా, నువ్వు మంచిదే ఇచ్చావు. బుద్ధిమంతురాలి బిడ్డ, కరవదు, తన్నదు" అన్నాడు గుడ్లవాడు. "కానీ ఈ కాలెత్తుడు ఒకటి పట్టుకుంది చూడు. ఎత్తి ఎత్తి పెట్టేసరికి బండి ఊయలూగుతుంది. గుడ్లు పగిలిపోతున్నాయి. పైగా రెండు వీధులు తిరిగేసరికి అలసిపోతుంది. ఎత్తకుండా ఏమైనా లాడం వెయ్యొచ్చా అని అడుగుదామని వచ్చాను. మీరు ఎత్తేవి వేస్తారంట కదా, దించేవి కూడా వేస్తారేమోనని."

కొలిమి చిటపటలాడింది. తమ్ముడు అక్క వైపు తిరిగాడు. గిట్ట ముందు భాగం పొట్టిగా కోసి, వెనక ఎత్తు పెడితే కాలు ఎత్తడం తగ్గుతుంది. అది వాడికి తెలుసు. అరపూట పని.

"ఏం చెయ్యమంటావక్కా?"

అదే మాట, అదే గొంతు. బయట దొరబాబు ఈగలను తోలుకుంటూ, ఖాళీగా నిలబడి కూడా ఒక కాలు మడిచి గాలిలో ఆపి పెట్టుకున్నాడు.

"ముట్టుకున్నావంటే నీ చెయ్యి విరగ్గొడతాను" అంది ఆమె.

గుడ్లవాడు బిత్తరపోయాడు. "అదేంటి పెద్దమ్మా, నా గుర్రం, నా గుడ్లు..."

"గుడ్ల కింద గడ్డి ఎక్కువ వేసుకో. ఇక్కడినుంచే పట్టుకుపో, ఎంత కావాలంటే అంత. ఎవరైనా అడిగితే నేనిచ్చానని చెప్పు."

"గడ్డి వేస్తే గుడ్లు ఆగుతాయి. అలుపు ఆగుతుందా?"

అలసిపోయే నడకే అది. ఎవరికీ పనికిరాని నడక. మైదానంలో చాలదు, వీధిలో ఎక్కువ.

గుడ్లవాడు రెండు చంకల కిందా గడ్డి ఇరికించుకుని బండెక్కాడు, మొహమాటానికి. ఆమె గేటు దాకా వెంట పోయింది. శాల ముందునుంచి వీధి నేరుగా పోయి చివర రెండుగా చీలుతుంది. ఎడమకు పోతే సంత. కుడికి పోతే ఇంకో లాడాలవాడి కొట్టు, ఏం చెయ్యమంటే అది చేస్తాడు, ఎవరినీ అడగడు.

దొరబాబు మోకాళ్ళెత్తుకుంటూ పోయాడు. గడ్డిపోచలు దారిపొడుగునా రాలాయి. చీలిక దగ్గర గుడ్లవాడు కళ్ళెం పట్టి కాసేపు ఆగాడు, ఆలోచిస్తున్నట్టు.

బండి కుడికి తిరిగింది.